తడి చేతులు చెప్పిన మూడు పూటలు

కొంచెం దగ్గరికి జరిగి కూర్చోండి. చాప చిన్నదే కానీ మోకాళ్లు దగ్గరికి తీసుకుంటే నలుగురం సర్దుకోవచ్చు, పైగా నా గొంతు ఇప్పుడు వీధి చివరిదాకా వినిపించే గొంతు కాదు. మీకు ఒక ప్రశ్న కథ చెబుతాను. ఆ ప్రశ్నకు మా సిరొంచలో మా వాడ ఆడవాళ్లం ఒకప్పుడు తప్పుడు జవాబు చెప్పాం, తెలిసే చెప్పాం, దానికి నేను ఈ రోజుకీ తల వంచుకోను. ఆ మాట ముందే చెప్పి మొదలుపెడుతున్నాను.

గడ్చిరోలిలో పెద్ద చదువు చదువుతున్న నా మనుమరాలు, అంటే నా చిన్న బిడ్డ కూతురు, పోయిన వారం ఎస్టీ బస్సు, అంటే మా మహారాష్ట్ర సర్కారు బస్సు, దిగి ఇంటికి వచ్చింది. మన తాలూకాలో ఏ వాడవాళ్లు ఎట్లా బతుకుతున్నారో, ఒకరికీ ఇంకొకరికీ తేడా ఎక్కడుందో ఇల్లిల్లూ తిరిగి అడిగి లెక్క కట్టడం ఇప్పుడు దాని చదువట. బయటివాళ్లను అడిగే ముందు ప్రశ్నలను ఇంట్లో ఎవరి మీదనైనా పరీక్షించి చూడమని వాళ్ల సారు చెప్పాడట, అందుకు నేను దొరికాను. నేను అరుగు మీద చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నాను, అది ఒళ్లో కంప్యూటరు పెట్టుకుని ఒక్కో ప్రశ్న అడుగుతూ నా జవాబు నొక్కుకుంటోంది.

"అమ్మమ్మా, దినాం ఎన్ని పూటలు తింటవ్?"

దాని మాట పూర్తయిందో లేదో "మూడు పూటలు" అనేశాను. అన్నాక చూసుకుంటే నా చేతులు రెండూ కొంగుకు తుడుచుకుంటున్నాయి. చిక్కుళ్లు ఒలిచే చేతులకు తడి ఎక్కడిది? పొడిచేతులను అంత శ్రద్ధగా తుడుచుకుంటున్న నన్ను చూసుకుని నాకు ఆపుకోలేనంత నవ్వు వచ్చింది.

"ఏందే గిట్ల నవ్వుతున్నవ్? నేను తప్పడిగిన్నా?"

"తప్పేం లేదు బిడ్డా. ఈ ప్రశ్న నాకు కొత్తది గాదు. మీ అమ్మ మూడేండ్ల పిల్లప్పుడే మన గడప తొక్కింది ఇది."

అప్పుడు దానికి చెప్పిందే ఇప్పుడు మీకూ చెబుతున్నాను.

ఆ రోజుల్లో మా వాడలో ఒక్క ఇంటికీ జానెడు భూమి లేదు. ప్రాణహిత ఒడ్డున ఉండే కాపుదనం ఇండ్లను, అంటే భూములున్న రైతుల ఇండ్లను, మేము ఏటిగడ్డ అనేవాళ్లం. పొలాలు వాళ్లవి, ఆ పొలాల్లో నాటు, కలుపు, కోత మావి. రెండు వాడలవాళ్లమూ మాట్లాడేది తెలుగే, తాగేది ఆ ఏటి నీళ్లే. నేను నాలుగో తరగతి వరకు మరాఠీ బడికి పోయాను, తెలుగు అక్షరాలు ఏటి అవతల ఉండే మా మేనత్త బొగ్గుతో బండ మీద రాసి నేర్పింది. ఆ కాస్త చదువుకే మా వాడలో నన్ను చదువుకున్నదాని కింద జమకట్టేవారు, కాబట్టి నాగపూర్ వైపు నుంచి ఒక చదువుకున్న అమ్మాయి సంచీ నిండా కాగితాలతో వచ్చి, మరాఠీ తెలుగు రెండూ తెలిసిన ఆడమనిషి తోడు కావాలని అడిగితే అందరి వేళ్లూ నావైపే చూపించాయి. మరాఠీలో అక్కను తాయి అంటారు. ఆమె నాకంటే చిన్నదే అయినా అందరమూ తాయి అనే పిలిచాం.

తాయి నాకేమీ దాచలేదు. పసిపిల్లలకు తిండి పెట్టే అంగన్‌వాడీ సిరొంచలో మా దిక్కుకు ఒక్కటే రాబోతోందని, అది మా వాడలో పెట్టాలా ఏటిగడ్డలో పెట్టాలా అన్నది అహేరిలో పైవాళ్లు తేలుస్తారని, రెండు వాడల్లో ఆకలి ఎటు ఎక్కువుందో తన లెక్క చూసి తేలుస్తారని మొదటి రోజే చెప్పింది. నా చిన్న బిడ్డకు అప్పుడు మూడేళ్లు. ఎత్తుకుంటే దాని పక్కటెముకలు నా చేతికి ఒక్కొక్కటీ తగిలేవి. తాయి సంచీ నేను ఎందుకు భుజానికి తగిలించుకున్నానో ఇంక వేరే చెప్పనక్కర్లేదు.

ఏ ఇంటికి పోవాలన్నది కూడా ఆమె తన ఇష్టానికి వదిలిపెట్టలేదు. రెండు వాడల ఇండ్లకూ నంబర్లు వేసి, చీటీలు మడిచి, ఇత్తడి చెంబులో పోసి, ఆ వాడ మనిషి చేతనే తీయించింది. మనసుకు నచ్చిన గుమ్మం ఎక్కితే మనసుకు నచ్చిన జవాబే దొరుకుతుందట. మా వాడ చీటీలు మా అత్తగారు తీసింది, చెంబులో తేలు ఉన్నట్టు రెండు వేళ్లే పెట్టి. మూడో చీటీకే మా ఇల్లు వచ్చింది. దాన్ని నేనే అందులో పైకి సర్దిపెట్టినట్టు మా అత్తగారు నావైపు చూసిన చూపు ఇప్పటికీ నా వీపు మీద ఉంది.

మొదట ఏటిగడ్డకు పోయాం. పెద్ద లోగిలి ఇంటి పెద్దమ్మ మంచం వాల్చి, చాయ్ పోయించి, ఎన్ని పూటలు తింటారని తాయి అడగగానే నెత్తి మీద చెయ్యి పెట్టుకుంది.

"ఏం తినుడు తాయీ, ఏరచ్చి వరి కొట్టుకపోయింది, పరేషాన్ల ఉన్నం. ఒక్క పూట తింటే ఇంకో పూట లేదు."

ఆమె వెనక గుమ్మి పైదాకా వడ్లున్నాయి, వంటింట్లోంచి తాలింపు వాసన వస్తోంది. ఆమెను నేను తప్పుపట్టను. ఉన్నదని చెబితే దిష్టి తగులుతుందని ఒక భయం, కాగితాలు పట్టుకుని వచ్చినవాళ్లు రేపు శిస్తు పెంచుతారేమోనని ఇంకొక భయం. చీటీ పడిన ప్రతి ఏటిగడ్డ ఇల్లూ దాదాపు ఆ పాటే పాడింది.

ఆ తర్వాత మా వాడకు వచ్చాం. ఇక్కడ మా పద్ధతి ఒకటి చెప్పాలి. కొత్త మనిషి గుమ్మం ముందు నిలబడి పిలిస్తే మా ఆడవాళ్లు వెంటనే బయటికి రారు. కుండలో చెయ్యి ముంచి, ఆ తడి చేతులను కొంగుకు తుడుచుకుంటూ వస్తారు, ఇప్పుడే అన్నం తిని చెయ్యి కడుక్కుని లేచినట్టు. పొద్దున నుంచి పొయ్యి వెలిగి ఉండకపోవచ్చు, చేతులు మాత్రం తడిగా ఉండాలి. వచ్చినవాళ్లు ఇంట్లో ఏముందని ఆరా తీయకూడదు, జాలి పడకూడదు, అంతే. మా అత్తగారికి ఇది వాళ్ల అత్త నేర్పింది, నాకు మా అత్తగారు నేర్పింది. ఇంటింటా తడిచేతులు వచ్చాయి, ఇంటింటా "మూడు పూటలు తింటం తాయీ" అన్నాయి, నేను ఆ మాటను చక్కగా మరాఠీలో పెట్టి అందించాను, తాయి రాసుకుంది. మా ఇంట్లోనూ అంతే. పొద్దున మా అందరికీ కలిపి ఒక్క గిన్నె గంజి కాచిన మా అత్తగారు నీళ్లు కారుతున్న చేతులతో వచ్చి, నా కళ్లలోకి సూటిగా చూస్తూ, మూడు పూటలు అంది. నేను కూడా మూడు అనే అందించాను. కోడలిని కదా.

రెండు వాడలూ ముగిశాక ఒక మధ్యాహ్నం తాయి తను అద్దెకున్న గదిలో పెద్ద కాగితం పరిచి నిలువుగా గీత గీసింది. ఎడమవైపు మా వాడ, కుడివైపు ఏటిగడ్డ. ఒక్కో ఇంటికి ఒక్కో గీటు, నాలుగు గీట్ల మీద అడ్డంగా ఐదోది. గీట్లన్నీ పడ్డాక చూస్తే మా వాడ మూడు పూటలా తింటోంది, ఏటిగడ్డ పస్తులుంటోంది. ఇంత పెద్ద తేడా వస్తుందని తాయి అనుకోలేదట. కూలికి పోయినచోట అన్నం పెడతారేమో, అందుకే ఇట్లా వచ్చిందేమో అని తనలో తానే కారణం కూడా అల్లుకుంటోంది. నాకు మాత్రం ఆ కాగితం మీద ఏటిగడ్డలో వెలిగే అంగన్‌వాడీ పొయ్యి కనిపించింది, ఇవతల నా బిడ్డ పక్కటెముకలు కనిపించాయి.

ఈ లెక్క చెల్లదు అన్నాను. ఎందుకని తాయి అడిగింది. తడిచేతుల సంగతి చెప్పాను. ఆమె కలం కింద పెట్టి, అయితే మీవాళ్లు అబద్ధం చెప్పారా అని అడిగింది. నా ఒళ్లు భగ్గుమంది. మావాళ్లు అబద్ధం చెప్పలేదు, నువ్వు గడప మీద నిలబడి సిగ్గుతో చచ్చే ప్రశ్న అడిగావు, వాళ్లు సిగ్గు కాపాడుకునే జవాబు చెప్పారు, నీ ఇంటికి నేను కాగితం పట్టుకుని వచ్చి నీ కుండ మూత తీయమంటే నువ్వేం చెబుతావు అని మరాఠీలో ఎంత గట్టిగా అనగలనో అంత గట్టిగా అన్నాను. చదువుకున్న మనిషితో అట్లా మాట్లాడటం నా బతుకులో అదే మొదలు.

తాయి కోపం తెచ్చుకోలేదు, కానీ దిగనూ లేదు. నీ ఒక్క మాట మీద ఈ రోజు గీట్లు మారిస్తే రేపు ఏటిగడ్డ పెద్దమ్మ మాట మీద కూడా మార్చాల్సి వస్తుంది అంది. ఇంకో ప్రశ్న అడగాలంటే రెండు వాడల్లోనూ ఒకే తీరుగా, అవే ఇండ్లలో అడగాలి అంది. చివరికి అసలు మాట అంది: నీ బిడ్డ ఆ తిండి కోసం ఎదురుచూస్తోంది, నీ వాడవాళ్ల మాటలు నీ నోటితో నాకు అందుతున్నాయి, నువ్వు ఒకవైపుకు వంచవని నేనెట్లా నమ్మాలి? ఆ మాట నాకు ముల్లులా గుచ్చుకుంది. గుచ్చుకున్నా న్యాయమైన మాటే.

ఇంటికి వచ్చి వామనగుంటల డబ్బా తీశాను. అందులో నేను ఆడుకునే చింతగింజలున్నాయి. పన్నెండు గింజలు లెక్కపెట్టి, చేట పట్టుకుని మళ్లీ తాయి దగ్గరికే నడిచాను. చేటలో గింజలు వరుసగా పేర్చి, ఇవి చైత్రం నుంచి ఫాల్గుణం దాకా పన్నెండు నెలలు అన్నాను. పూటలు అడగొద్దు, ఏ నెలలో మీ పొయ్యి బద్ధకిస్తుందో ఆ గింజను పక్కకు జరపమను అన్నాను. పూట గురించి అడిగితే ఇంటి తప్పు అవుతుంది, నెల గురించి అడిగితే కాలం తప్పు అవుతుంది, కాలాన్ని తిట్టడానికి ఎవరికీ సిగ్గుండదు. గింజ జరిపేది వాళ్ల వేలు, చూసేది నీ కన్ను, మధ్యలో నా నాలుకతో పని లేదు. అంతటితో ఊరుకోలేదు. నెలల పేర్లు, ఆ ఒక్క ప్రశ్న చెప్పేసి నోటినిండా నీళ్లు పోసుకుని కూర్చుంటాను, గింజలు కదిలేదాకా ఉమ్మను, మింగను, అప్పుడైనా నమ్ముతావా అన్నాను. తాయి వచ్చిన తర్వాత మొదటిసారి కడుపుబ్బా నవ్వింది.

ఏటిగడ్డ పెద్దమ్మ చేటను చూసి ముఖం చిట్లించింది. "ఏంది, మా ఇంట్ల పొయ్యి మండని నెలనా? గసోంటి అశుభం మాట నా గుమ్మంల అనకుండ్రి" అని గింజలన్నీ ఉన్నచోటనే ఉంచి చేట మా చేతిలో పెట్టింది. మొన్న పస్తులున్నది తనేనని ఆమెకు గుర్తులేదు. నా నోట్లో నీళ్లు ముక్కులోంచి వచ్చాయి. ఏటిగడ్డలో ఎక్కడో ఒకరిద్దరు, ఏరు ఇంట్లోకి వచ్చిన నెలని ఒక్క గింజ జరిపారు, అంతే.

మా వాడలో అయితే మొదట ఒక్క గింజా కదలలేదు. తడిచేతులు వచ్చాయి, చేట చుట్టూ కూర్చున్నాయి, ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాయి. మూడో ఇల్లు మాది. ముందే మా అత్తగారికి సంగతి తెలిసిపోయింది, నేను ప్రశ్న చెప్పి నీళ్లు పోసుకున్నానో లేదో అందుకుంది.

"ఏం పిల్లా, మన కుండల ఏమున్నదో ఊరంత చాటింపేస్తవా? నా అత్త సచ్చేదాంక ఎవ్వల ముంగట ఆకలి అనలే. నేననలే. నువ్వు మొదలువెడ్తున్నవా?"

నా నోటినిండా నీళ్లు. జవాబు చెప్పడానికి లేదు. పైగా ఆమె అన్నదాంట్లో నాకు తప్పు కనిపించలేదు. అప్పుడే నా చిన్న బిడ్డ వచ్చి, ఆటకని పరిచారనుకుని, చేటలో చెయ్యి పెట్టి గుప్పెడు గింజలు తీసుకోబోయింది. మా అత్తగారు వద్దని దాని మణికట్టు పట్టుకుంది. పట్టుకుని వదల్లేదు. ఆమె బొటనవేలు, చూపుడువేలు ఆ మణికట్టు చుట్టూ తిరిగి, ఒకదాని మీద ఒకటి ఎక్కి, ఇంకా చోటు మిగిలింది. ఆమె ఆ వేళ్లను చూసుకుంది.

తర్వాత చేట ముందు కూర్చుంది. గింజ మీద వేలు పెడితే తడికి అది వేలికే అంటుకుని వచ్చింది. దాన్ని విదిలించి, చేతులు కొంగుకు తుడుచుకుంది, మామూలుగా తుడుచుకునే తీరుగా కాదు, ఒక్కో వేలు, వేళ్ల సందులు, పూర్తిగా ఆరేదాకా. పొడిచేత్తో భాద్రపదాన్ని జరిపింది. ఆశ్వయుజాన్ని జరిపింది. కాస్త ఆగి వెనక్కి వచ్చి జ్యేష్ఠాన్ని కూడా జరిపింది.

"రాయుమను నీ తాయిని. భాద్రపదం, ఆశ్వయుజం, ఈ రెండు నెలలల్ల వరి పొట్టకస్తది. మేం నాటిన వరే, ఈ చేతులతోనే నాటినం. దాన్ని సూసుకుంట మేం గంజి తాగుతం. అది గూడ రాయుమను. అయినా ఎవ్వల గడపకు పోయి చెయ్యి సాపలేదని కింద రాయుమను. రాసినంక నాకు సదివి ఇనిపియ్యుమను."

నోట్లో నీళ్లు నేను ఎప్పుడు మింగానో నాకు తెలియదు. గింజలు కదిలాయి కాబట్టి ఒప్పందం తప్పలేదని తాయి కళ్లతోనే చెప్పింది. అత్తగారి మాటలు మరాఠీలో పెట్టాను. ఆ మాటలకు తాయి కాగితంలో గడి లేదు. పక్కన అంచు మీద చిన్న అక్షరాలతో ఇరికించి రాసి, తిరిగి చదివింది, నేను దాన్ని తెలుగులో చెప్పాను, మా అత్తగారు రెండుసార్లు చెప్పించుకుని తల ఊపింది.

వాడ మొత్తంలో అన్నిటికంటే మొండిపట్టున్న చెయ్యి ఆమెదే. ఆ చెయ్యి ఆరిందని తెలిశాక మిగతా చేతులు ఆరడానికి ఎంతోసేపు పట్టలేదు. వెనక్కి తిరిగి మొదటి రెండు ఇండ్లకూ పోయాం, ముందుకీ పోయాం. మా పక్కింటి వదినె అయితే గింజలు జరుపుతూ జరుపుతూ, "మా పొయ్యికేం బద్ధకం లేదే, బద్ధకమంత మా ఇంటాయినది. గింజనెందుకు, జర ఆయిన్నే పక్కకు జరుపుండ్రి" అని అందరినీ నవ్వించింది. నవ్వుతూనే నాలుగు గింజలు జరిపింది.

తాయి రెండు కాగితాలూ అహేరికి పంపింది, మొదటిదీ, గింజల లెక్కతో రాసిన రెండోదీ. మొదటిది చించేస్తుందనుకున్నాను, ఆమె చించలేదు. ఎందుకు మారిందో ఒక పుట రాసి, నాకు చదివి వినిపించింది: మొదటిసారి తప్పు జరిగింది అడిగిన తీరులో, అడిగినది నేను అని తాయి తన గురించే రాసుకుంది అందులో. మావాళ్లు అబద్ధమాడారన్న మాట ఎక్కడైనా ఉందేమోనని నేను చెవి నిక్కించి విన్నాను. లేదు. ఉంటే ఆ కాగితం అహేరి బస్సు ఎక్కేది కాదు.

అంగన్‌వాడీ మా వాడలోనే వచ్చింది, ఒక ఇంటి వసారాలో. నా బిడ్డ అందులో ఏడాదికి పైగా ఖిచిడీ తిన్నది. మా అత్తగారు మనుమరాలిని రోజూ తీసుకుపోయి దిగబెట్టేది, గుమ్మంలోపల కాలు మాత్రం పెట్టేది కాదు. తిన్నావా అవ్వా అని అక్కడి ఆమె అడిగితే చేతులు కొంగుకు తుడుచుకునేది. పోయేదాకా అంతే. పాప ఆకలి ఆమె కాగితానికి ఇచ్చింది, తన ఆకలి ఇవ్వలేదు.

ఇప్పుడు మా వాడ స్లాబుల వాడ. టీచర్లున్నారు, నర్సులున్నారు, బస్సు కండక్టరున్నాడు, ఏటిగడ్డ పిల్లలూ మా పిల్లలూ ఒకే బడిలో ఒకే బల్ల మీద కూర్చుంటారు. మూడు పూటలు నిజంగానే తింటున్నాం. లెక్కలు రాసుకునేవాళ్లు ఇప్పటికీ వస్తారు, గేటు దగ్గరే నిలబడి, మంచినీళ్లు కూడా తాగకుండా, ఫోన్ మీద నొక్కుకుని పోతారు. కొందరైతే రాను కూడా రారు, ఫోన్ చేసి అడుగుతారు. ఫోన్లో గొంతు వినిపిస్తుంది, చేతులు కనిపించవు. ఏ వాడ ఎంత వెనకబడిందో రంగురంగుల నిలువు పట్టీలతో చూపిస్తారని మనుమరాలు తన కంప్యూటరులో తెరిచి చూపించింది. పొట్టి పట్టీ మనదట. పొట్టిదైతే పొట్టిదే, చూపించండి, దాచమని నేను అడగను. కానీ మా అత్తగారు రాయించిన ఆ అంచు మాటలు ఏ పట్టీలో ఉన్నాయని అడిగాను. అది పట్టీలన్నీ పైకీ కిందికీ జరిపి వెతికింది. ఆ కాగితం ఇప్పుడు ఏ బీరువాలో చెదలకు పోయిందో నాకూ తెలియదు. తాయి కూడా మళ్లీ ఈ దిక్కు రాలేదు.

కథంతా విన్న మనుమరాలు ఆ ప్రశ్న పక్కన ఏదో గుర్తు పెట్టుకుంది. తర్వాత కళ్లు చిన్నవి చేసుకుని నన్ను చూసింది.

"మరి గిప్పుడు నువ్వు జెప్పిన మూడు నిజమా, మర్యాదనా?"

"నన్నెందుకు అడుగుతవ్? లోపలికి పోయి గిన్నెల మీద మూతలు తీసి సూడు."

నిజంగానే పోయింది. చాలాసేపు రాలేదు. మూతలు తీసింది, చూసింది, చూసి ఊరుకోలేక తిన్నది కూడా. చివరికి కొంగు లేదు కాబట్టి చేతులు చున్నీకి తుడుచుకుంటూ వచ్చింది. ఆ చేతిని పట్టుకుని ముక్కు దగ్గర పెట్టుకున్నాను. తడిగా ఉంది, కడిగినా పోని చింతపులుసు వాసన వేస్తోంది. మా అత్తగారు ఉంటే ఆ చేతిని ఎంతసేపు పట్టుకునేదో అనిపించింది.

సరే, పొద్దు వాలుతోంది, మీ ఇండ్లలో మీకోసం చూస్తుంటారు. పన్నెండు నెలల్లో ఏ నెలలోనూ మీ పొయ్యికి బద్ధకం రాకూడదు. మీ ఇంటి చేతులు ఎప్పుడు తడిసినా, కడుపునిండా తిని కడుక్కున్నందుకే తడవాలి. వెళ్లిరండి.